ఇంటింటికీ వెళ్లి ఆపేసిన బొమ్మల కథ

"ఇక ఆపేస్తున్నాం" అని రాయడానికి నాకూ మా మరదలికీ పదకొండు రోజులు పట్టింది. మొదటి రోజు రాసింది చూస్తే పెళ్లి తప్పిపోయినట్టుంది. మూడో రోజు రాసింది ఎవరో పోయినట్టుంది. అయిదో రోజు రాసింది చదివి మరదలు, "ఇదేటొదినా, మనం దొంగతనం సేసి దొరికిపోయినట్టున్నాది" అంది. నాకు ఒళ్లు మండి కాగితం చింపేశాను. కంప్యూటర్లోకి ఎక్కాల్సిన రాతనైనా నేను ముందు కాగితం మీదే రాస్తాను, చింపడానికి వీలుగా ఉంటుందని.

మరదలంటే మా ఆయన చెల్లెలు. మాది మేనరికం. మా మేనత్తే నాకు అత్తగారు కాబట్టి ఆ పిల్లా నేనూ చిన్నప్పుడే ఒక కంచంలో తిని, ఒక రిబ్బను కోసం జుట్లు పట్టుకున్నవాళ్లం. విజయనగరంలో మా ఇంటి ముందు భాగం కొట్టు, వెనక భాగం కాపురం. కొట్లో మా బావ, అంటే మా ఆయనే, గాజులూ పూసలూ రిబ్బన్లూ అమ్మేవాడు. మేడ మీద ఉన్న ఒకే ఒక్క గదిలో మేమిద్దరం నాలుగేళ్లపాటు ఒక విజువల్ నావెల్ చేశాం. నేను రాసేదాన్ని, తను గీసేది.

విజువల్ నావెల్ అంటే ఏమిటని అడిగినవాళ్లందరికీ చెప్పి చెప్పి నా నోరు అరిగిపోయింది కనక ఇక్కడ ఒక్కసారే చెబుతాను. కంప్యూటర్ తెర మీద బొమ్మ వస్తుంది. దాని కింద మాటలు వస్తాయి, వెనకనుంచి గొంతులు వినిపిస్తాయి. చదువుకుంటూ పోతుంటే అక్కడక్కడ ఆగి, ఇప్పుడు ఇలా చేద్దామా అలా చేద్దామా అని మనల్నే అడుగుతుంది. మనం నొక్కినదాన్ని బట్టి కథ అటో ఇటో తిరుగుతుంది. ఇంట్లో అందరం దాన్ని బొమ్మల కథ అనేవాళ్లం.

మా కథ చాలా చిన్నది. ఒకమ్మాయి సముద్రం ఒడ్డున ఉన్న ఊరికి పనిమీద వచ్చి ఆఖరి బస్సు అందుకోలేకపోతుంది. ఆ రాత్రికి ఎవరింట్లోనో తలదాచుకోవాలి. ఏ తలుపు తట్టాలో ఆడేవాళ్లు చెప్పాలి. తట్టిన తలుపు వెనక ఒక సంసారం, ఒక కంచం అన్నం, వాళ్ల గొడవ ఏదో ఒకటి. మొత్తం నాలుగిళ్లు అనుకున్నాం. ఏడాదిలో తెమిలిపోవాల్సిన పని.

ఆ నాలుగిళ్లు కాస్తా ముప్ఫై ఒక్క ఇళ్లయ్యాయి. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. నా పెళ్లి శుభలేఖలో మా పెద్దనాన్నగారి రెండో అల్లుడి పేరు పడలేదు. కావాలని మానింది కాదు, అచ్చువాడు ఒక వరస మింగేశాడు. ఆయన పెళ్లికి రాలేదు. ఆ తర్వాత మా నాన్న ఇంట్లో గుక్కెడు మంచినీళ్లు కూడా ముట్టలేదు. అప్పటినుంచి నాకు జాబితా అంటే వణుకు. ఎవరిని వదిలేశానో, ఎవరు నొచ్చుకున్నారో అని నిద్రలో కూడా లెక్కపెట్టుకునే రకాన్ని అయిపోయాను. బొమ్మల కథలోకి కూడా ఆ భయాన్ని వెంటబెట్టుకునే వెళ్లాను.

నెల్లిమర్లలో జూట్ మిల్లులో పనిచేసి రిటైరైన పెద్దాయన మా కథలో తాతకి గొంతిచ్చాడు. ఆయన గొంతు తీసుకుని, పక్కనే కూర్చుని వింటున్న వాళ్లావిడని ఊరికే వదిలేస్తామా? ఆమెకో పాత్ర రాశాను. ఆవిడ నోటి ధాటికి తాతగారిల్లు సరిపోక పక్కనే ఇంకో ఇల్లు కట్టాం. శృంగవరపుకోటలో మరదలి స్నేహితురాలి భర్తకి జిరాక్సు కొట్టుంది. పెద్ద కాగితాలు స్కాన్ చేసే మిషను ఉన్నది ఆయన దగ్గరే. మా బొమ్మలన్నీ ఆయనే చేసిచ్చాడు, నోరు తెరిచి ఏమీ అడగలేదు. అడగని మనిషికే కదా ముందు పెట్టాలి, ఆయనకో ఇల్లు. భావనపాడులో ఎండుచేపలమ్మే ఒకావిడ మమ్మల్ని అరుగు మీద కూర్చోబెట్టి, ఊరంతా తిప్పి, సముద్రం చప్పుడు రికార్డు చేసుకోవడానికి గాలి తక్కువగా ఉన్న చోటు చూపించింది. ఆమె ఇంటిని గీశాక వాళ్ల తోటికోడలు, "మా ఇల్లు బాగోలేదేటి?" అని అడిగింది. బాగోలేదని ఎవరంటారు? అదీ గీశాం. నెట్లో మా పేజీ చూసి పలకరించినవాళ్లకి, పాత తలుపుల ఫొటోలు పంపినవాళ్లకి, అమ్మమ్మల సామెతలు పంపినవాళ్లకి, అందరికీ తలో గుమ్మం. అత్త ఒకసారి ఇదంతా విని, "మొగమాటానికి పోతే..." అని మొదలుపెట్టి, మిగతా సామెత కూతురి ముందు బాగోదని మింగేసింది.

నాలుగేళ్లకి తయారైనవి తొమ్మిదిళ్లు.

ఒకరోజు మధ్యాహ్నం మరదలు మేడమీద గదిలో తాడు కట్టి, బట్టల క్లిప్పులతో బొమ్మలు వేలాడదీసింది. ఒకవైపు మొదటి ఏడాది గీసిన అమ్మాయి, రెండోవైపు నాలుగో ఏడాది గీసిన అమ్మాయి. జడ అదే, సంచీ అదే.

"మొదట్లో గుంట నవ్వుతున్నాది కదా. ఇప్పుడు దీని మొహం సూడు" అంది.

చూశాను. నాలుగో ఏడాది అమ్మాయి రేషన్ క్యూలో మధ్యాహ్నందాకా నిలబడి, సరుకు అయిపోయిందని విన్నట్టుంది.

"అది నా మొగమే వదినా. తెలీకుండా నన్నే గీసేసుకుంటన్నాను."

నాకు కోపం వచ్చింది. నాకు భయం వేసినా ముందు వచ్చేది కోపమే. నడిమధ్యలో చేతులెత్తేస్తావా అన్నాను, ఇంతమందికి ఏం మొహం చూపిస్తాం అన్నాను, ఇంకో మాట కూడా అన్నాను, అది రాయను. తను అన్నీ విని, బుర్ర గోక్కుని, "సరేగాని, నువ్వు కొత్తిల్లు రాసి ఎన్నాళ్లైందో సెప్పు" అంది.

ఏడు నెలలైంది. ఆ ఏడు నెలలూ రోజూ పది గంటలకి మేడెక్కి, రాసినదాన్నే చదువుకుని, ఒక మాట తీసి, సాయంత్రం దాన్నే మళ్లీ పెట్టి దిగిపోతున్నాను. ఆ సంగతి తనకి తెలుసని నాకు తెలీదు. నేను బాధపడతానని తను గీస్తోంది, తను బాధపడుతుందని నేను రాస్తున్నట్టు నటిస్తున్నాను. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వాం. నిజం చెప్పాలంటే ఆరోజు నాకు ఏడుపు రాలేదు, ఆకలేసింది. కిందకి వెళ్లి ఇద్దరం మళ్లీ అన్నం తిన్నాం.

ఆపెయ్యాలని తేలిపోయింది. నాకు మిగిలిన దిగులు ఒక్కటే. సాయం చేసినవాళ్లలో ఒక్కరు కూడా నొచ్చుకోకూడదు. మేమెవరి దగ్గరా డబ్బు తీసుకోలేదు. తీసుకుని ఉంటే తిరిగిచ్చేసి ఊపిరి పీల్చుకునేవాళ్లం. గొంతులూ మాటలూ గుమ్మాలూ తీసుకున్నాం, అవి ఎలా తిరిగిస్తాం? అందుకే ఆ ఉత్తరానికి పదకొండు రోజులు పట్టింది. కింద కృతజ్ఞతల జాబితా రాసి, ఎవరైనా తప్పిపోయారేమో చూడమని మరదలికిచ్చాను. తను వంటింటి గుమ్మంలో నిలబడి గట్టిగా చదివింది.

అత్త కత్తిపీట ముందు కూర్చుని వంకాయలు తరుగుతోంది. "ఆ పార్వతీపురం టీచరమ్మ లేదేటే అందులో? సామెతలు పంపింది కదా" అంది. నిజమే, లేదు. "జిరాక్సాయన ఉన్నాడు, ఆళ్లావిడ లేదు. ఆళ్లావిడ సేత్తో ఎన్నిసార్లు బోయినం సేసొచ్చినారు?" అంది. అదీ రాశాం. నెల్లిమర్ల పెద్దాయన్ని రికార్డు చేస్తున్నప్పుడు కోడి కూయకుండా దాన్ని పట్టుకుని కూర్చున్న పక్కింటావిడ సంగతి కూడా అత్తే గుర్తుచేసింది. అవన్నీ మేం అన్నాలు తింటూ చెప్పుకున్న కబుర్లు.

"ఇదంతా ఏటి సేస్తారిప్పుడు?" అని అడిగింది.

"నెట్లో పెడతాం అత్తా. అందరూ చూస్తారు."

అత్త వంకాయ ముక్కలు ఉప్పునీళ్లలో పడేసి నా వైపు తిరిగింది. "పిలిసినప్పుడు ఇళ్లకెళ్లి బొట్టెట్టి పిలిసినారు. మానీసినప్పుడు గోడకి కాయితం అంటించీసి ఎలిపోతారేటి? పెళ్లి ఆగిపోయినా అదే నోటితో ఎల్లి సెప్పాల. అప్పుడే మళ్లీ పిలిస్తే వస్తారు."

నిజమే. మొదలుపెట్టినప్పుడు పళ్లెంలో పసుపూ కుంకుమా పెట్టుకుని, గొంతిస్తారా అని పేరంటానికి పిలిచినట్టు తిరిగాం. అదీ అత్త మాటే. ఇప్పుడు దూరంగా ఉన్నవాళ్లకి ఉత్తరం సరే, బస్సు వెళ్లే ఊళ్లకి మనిషి వెళ్లాల్సిందే అని తేల్చేసింది. మరదలు ఎవరి ఇంటి బొమ్మ వాళ్లకి అచ్చు తీసి అట్ట వేసింది. అత్త పళ్లెం సర్దింది. ఆకూవక్కా, అరటిపళ్లూ, రవికగుడ్డలూ, కుంకుమ భరిణా అన్నీ తనే పెట్టింది. మావయ్య పోయాక అత్త ఎవరికీ బొట్టు పెట్టదు, పిలుపులకి రాదు. పళ్లెం మా చేతికిచ్చి గుమ్మం లోపలే ఉండిపోయింది.

ముందు నెల్లిమర్ల వెళ్లాం. ఆ పెద్దాయన నలభై ఏళ్లు మగ్గాల మోతలో బతికిన మనిషి, మామూలుగా మాట్లాడినా వీధి చివరకి వినిపిస్తుంది. రికార్డు చేసేటప్పుడు ఫోను పక్కగదిలో పెట్టుకున్నాం. విషయం మరదలే చెప్పింది.

ఆయన బొమ్మని చేతిలో పట్టుకుని కాసేపు చూశాడు. "అయితే అందులో తాత సచ్చిపోనాడా?"

"లేదు తాతా. బాగున్నాడు."

"మరింకేటి. మిల్లులో గంట కొడితే మగ్గం మీద గుడ్డ ఎంతవరకొస్తే అంతవరకే ఒగ్గీసి వచ్చీవోలం. తరవాత షిఫ్టోడు అందుకునీవోడు. మీకు తరవాత షిఫ్టు లేదు, అంతే కదా."

వాళ్లావిడ మాత్రం అంత తేలిగ్గా వదల్లేదు. తన పాత్ర మాటలన్నీ ఫోన్లో మళ్లీ వినిపించమంది, తాత గొంతుకన్నా తన గొంతే బాగుందని మా ఇద్దరిచేతా ఒప్పించుకుని గానీ పంపలేదు. పక్కింటావిడకి బొట్టుపెట్టి రవికగుడ్డ ఇస్తే, కోడిని పట్టుకున్నందుకా అని మురిసిపోయింది.

శృంగవరపుకోటలో నాకు నిజంగా భయమేసింది. జిరాక్సాయన ఇల్లు తయారైన తొమ్మిదింట్లో లేదు, ఉత్త గీతల దగ్గరే ఆగిపోయింది. అన్నేళ్లు అందరి ఇళ్లూ స్కాన్ చేసినవాడికి సగం ఇల్లు ఇవ్వడం ఎంత అప్రదిష్ట! ఆయన కౌంటర్ మీద బొమ్మ పరిచి, కళ్లజోడు పైకెత్తి చూశాడు.

"తలుపు లేదేటమ్మా?"

మరదలు కౌంటర్ మీదున్న పెన్ను తీసుకుని, అక్కడే నిలబడి తలుపు గీసింది. జనం హాల్ టికెట్లూ భూమి కాగితాలూ పట్టుకుని వెనక ఆగారు. తలుపుకి గొళ్లెం కూడా వేసింది. ఆయన దాన్ని అప్పటికప్పుడు లామినేషన్ చేసి మిషను పైన తగిలించుకున్నాడు. వాళ్లావిడ మామూలుగానే భోజనం పెట్టింది.

ఇలా మూడు వారాలు తిరిగాం. చివరికి మిగిలింది భావనపాడు. టెక్కలిదాకా బస్సు, అక్కణ్నుంచి ఆటో. ఎండుచేపలావిడ మమ్మల్ని చూసి, "షావుకారింటి గుంటలు మళ్లీ వచ్చినారు, ముక్కులు మూసుకోడానికి" అని తోటికోడల్ని కేకేసింది. నేను చెప్పాల్సింది చెప్పాను. అప్పటికి నాకు బాగా అలవాటైంది.

ఆవిడ విని, "మరి ఆ బస్సు తప్పిపోయిన గుంట ఏటైపోనాది? అక్కడే ఉండిపోనాదా?" అంది.

"ఉండిపోయింది."

"అయితే మా ఇంటికి తోలీండి. ఉంటాది."

నేను ఏడ్చేశాను. నాలుగేళ్లలో అదొక్కసారే. ఆవిడ నా వీపు మీద ఒకటి చరిచి, కొబ్బరినీళ్లు తాగించింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. జాబితాలో ప్రతి పేరు పక్కనా టిక్కు పడింది. ఎవరూ అలగలేదు, ఎవరూ ముఖం తిప్పుకోలేదు. "ఈసారి ఒక్కరు కూడా తప్పిపోలేదే" అన్నాను. మరదలు నా భుజం మీద తలపెట్టి అప్పటికే నిద్రపోతోంది.

మర్నాడు పొద్దున్న ఉత్తరం నెట్లో పెట్టేసి, ఏడున్నరకి వంటింట్లోకి వెళ్లాను. అత్త అప్పటికే కాఫీ డికాక్షన్ వేసి, కందిపప్పు కడుగుతోంది.

"అత్తా, ఇటివ్వు. ఇవాళ్టినుంచి వంట నేను చేస్తాను. మేడమీద ఇంక పనేముంది?"

"అలగే" అని గిన్నె నా చేతికిచ్చింది. "అందరికీ సెప్పీసినారా?"

"చెప్పేశాం. ఒక్కరు కూడా మిగల్లేదు."

"మంచిపనే." అత్త చెయ్యి తుడుచుకుంది. వెళ్లబోయి ఆగింది. "ఇంతకీ అదెలాగుంటాదే?"

"ఏది?"

"అదే, బొమ్మల కథ. నాను సూడ్లేదు కదా."

దెప్పడానికి అన్నది కాదు. చుట్టాలమ్మాయి పెళ్లికి వెళ్లలేకపోయినవాళ్లు, పెళ్లికొడుకు ఎలా ఉంటాడని అడిగినట్టు అడిగింది. అందుకే నాకు ఎక్కువ తగిలింది. నాలుగేళ్లూ పదింటికి నేను మేడెక్కితే, ఒంటిగంటకి దిగేసరికి అన్నం ఉడికి ఉండేది. పదకొండున్నరకి అత్త టీ గ్లాసులు పట్టుకుని మెట్లెక్కి, పని చెడిపోతుందని గుమ్మంలోనే పెట్టి దిగిపోయేది. లోపలికి రమ్మని మేం అనలేదు, వస్తానని తను అనలేదు. కోడిని పట్టుకున్నావిడకి రవికగుడ్డ ఇచ్చొచ్చాం. ముప్ఫై ఒక్క ఇళ్లు తలపెట్టాం. ఎవరింట్లో కూర్చుని కట్టామో ఆ మనిషికి ఒక గుమ్మం లేదు, ఉత్తరంలో పేరు లేదు. మర్చిపోయిన పేర్లన్నీ ఆమె చేతే చెప్పించుకున్నాం కూడా.

పళ్లెం తెద్దామని ఒకడుగు వేసి ఆగిపోయాను. ఆ పళ్లెంలో ఉన్నవేవీ అత్త పుచ్చుకోదు. మెట్ల మీద పళ్లుతోముకుంటూ నిలబడ్డ మరదలు అంతా విన్నట్టుంది. బ్రష్షు నోట్లోనే పెట్టుకుని వెనక్కి పరిగెత్తి, లాప్‌టాప్ తెచ్చి ముందుగదిలో బల్లమీద పెట్టింది. కుర్చీ లాగింది. "కూకోమ్మా" అంది.

"ఇప్పుడేటి, పొయ్యి మీద..."

"పొయ్యి మేం చూసుకుంటాం అత్తా."

అత్త చదివింది అయిదో తరగతి. మౌసు ముట్టుకునే ముందు చెయ్యి చీర కొంగుకి మళ్లీ తుడుచుకుంది. తెర మీది మాటల్ని కూడబలుక్కుంటూ పైకి చదవడం మొదలుపెట్టింది. మేం వంటింట్లోంచి వింటున్నాం. నేను రాసిన మాటలు అత్త గొంతులో వింటుంటే కొన్నిచోట్ల బాగున్నాయి, కొన్నిచోట్ల అబద్ధంగా ఉన్నాయి. బస్సు వెళ్లిపోయిన చోట, "అయ్యో గుంట" అంది.

తర్వాత గొంతు ఆగింది. "ఆగిపోనాదే ఇది."

"ఆగలేదత్తా, నిన్ను అడుగుతోంది. ఎటెళ్లాలో నువ్వు చెప్పాలి" అన్నాను పప్పు పొయ్యి మీద పెడుతూ.

"ఏది నొక్కమంటారు?"

"నీ ఇష్టం."

"నా ఇష్టమేటి? సరైంది ఏదో సెప్పు, నొక్కుతాను."

"సరైందంటూ లేదత్తా. ఏది నొక్కితే అదే."

అక్కడ నొక్కడానికి మూడున్నాయి. తాతగారి తలుపు, చేపలావిడ తలుపు, మూడోది 'కాసేపు ఒడ్డున కూర్చోవడం'. ఆ మూడోది మనుషుల్ని గీసి గీసి విసుగెత్తిన రోజున మరదలు పెట్టింది. దాని వెనక కథ లేదు. ఒక్క సముద్రం బొమ్మా, భావనపాడులో రికార్డు చేసిన చప్పుడూ, అంతే. ఆడి చూసినవాళ్లెవరూ అది నొక్కామని మాతో చెప్పలేదు, అందరూ ఇళ్ల గురించే అడిగేవారు.

ముందుగదిలోంచి అలల చప్పుడు వినిపించింది. మరదలు చేతిలో చాకుతో నా వైపు చూసింది. పొరపాటున నొక్కేసిందేమోనని నేను వెళ్లాను. అత్త కుర్చీలో ఒక కాలు పైకి మడిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇక్కడ మాటలేం రావత్తా. వెనక్కి వెళ్లాలంటే ఇదిగో..."

"ఉండనీ" అంది, తెర మీదనుంచి కళ్లు తిప్పకుండా. "కాసేపు ఉండనీవే."

నేను వంటింట్లోకి వచ్చేశాను. కొట్లోంచి మా బావ రెండుసార్లు కేకేసి కాఫీ అడిగాడు. రెండుసార్లూ అత్త లేవలేదు.